గ్యారేజీ మధ్యలో గీత: పనిముట్ల ఖర్చు మీద ఒక జంట బేరం

ట్రాక్ సా, అంటే పట్టాలాంటి కడ్డీ వెంట జారుతూ చెక్క కోసే రంపం, భర్త కారు ట్రంకులో దొరికింది. కాస్ట్‌కోలో కొన్న బియ్యం బస్తా పెట్టడానికి ఆవిడ ఆ ట్రంకు తెరిస్తే, పాత దుప్పటి కింద ఒక నల్లటి పెట్టె, దాని మీద మడతపెట్టిన బిల్లు. 460 డాలర్లు. కొని 19 రోజులైంది. నా దగ్గరికి వచ్చిన మొదటి రోజు ఆ బిల్లునే బల్ల మీద పెట్టి, "మేడమ్, నా గొడవ డబ్బు గురించి కాదు" అన్నారు ఆవిడ. "డబ్బు గురించి కాకపోతే బిల్లెందుకు తెచ్చావు?" అన్నారు ఆయన.

నేను డాలస్ ఉత్తరపు శివార్లలో దంపతులతో పనిచేసే థెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. డబ్బు తగువులు నాకు కొత్త కాదు. ఊళ్ళో స్థలం, తమ్ముడికి చెప్పకుండా పంపిన సొమ్ము, ఆడపడుచు పెళ్ళి, ఇవన్నీ విన్నవే. గ్యారేజీ పనిముట్ల మీద తగువు మాత్రం కరోనా తర్వాత సొంత ఇళ్ళు కొన్నవాళ్ళ దగ్గర ఎక్కువగా వింటున్నాను. ఈ జంట తమ కథ రాయడానికి ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను, పేర్లు పెట్టలేదు. ఆయన, ఆవిడ అంటే చాలు.

ఇద్దరూ నలభై దాటినవాళ్ళే, ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతాల్లో పెద్ద తేడా లేదు. ఇద్దరు పిల్లలు. 2021లో ఇల్లు కొన్నారు. రెండు కార్లు పట్టే గ్యారేజీ, సుమారు 20 అడుగులకు 20 అడుగులు. ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఆ స్థలం కార్ల కోసం అనుకుంటే పొరపాటు. అందులో రెండో ఫ్రిజ్జు ఉంటుంది, బియ్యం బస్తాలుంటాయి, బతుకమ్మ ఆడిన ఏడాది కొన్న మైకు సెట్టు ఉంటుంది, ఇండియా వెళ్ళొచ్చిన ఖాళీ సూట్‌కేసులుంటాయి. ఇల్లంతా నూనె వాసన పట్టకుండా పిండివంటలు వండుకునే స్టవ్వు కూడా చాలా ఇళ్ళలో అక్కడే. వీళ్ళ స్టవ్వూ అక్కడే ఉండేది. గొడవ పుట్టింది కూడా అక్కడే.

పనిముట్లు ఎలా పెరిగాయి

మొదట కర్టెన్ రాడ్లు బిగించడానికి ఒక డ్రిల్లు, మరలు బిగించే ఒక ఇంపాక్ట్ డ్రైవరు కలిపి ఉన్న సెట్టు కొన్నారు. అప్పుడు ఆవిడే పక్కనుండి కొనిపించారు. ఈ బ్యాటరీ పనిముట్ల సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. ఒక్కో కంపెనీ పనిముట్లది ఒక్కో రంగు, ఒక కంపెనీ బ్యాటరీ మామూలుగా ఇంకో కంపెనీ పనిముట్టుకి పట్టదు. అందుకే మొదటి డ్రిల్లు ఏ రంగుదైతే ఆ తర్వాతవన్నీ ఆ రంగువే అవుతాయి. బ్యాటరీ లేకుండా ఒట్టి పనిముట్టు చవగ్గా వస్తుంది, జూన్‌లో ఫాదర్స్ డేకి, నవంబరులో బ్లాక్ ఫ్రైడేకి బ్యాటరీ కొంటే పనిముట్టు ఉచితం అంటారు. ఉచితంగా వచ్చినది ఇంట్లో చేరాక దాన్ని వాడాలంటే చెక్క కావాలి, బ్లేడు కావాలి, ఉప్పుకాగితం కావాలి. ఆయన ఒక రంగుతో మొదలుపెట్టి, ఏడాదిన్నర తర్వాత ఇంకో రంగు నచ్చి అందులోకి మారారు. అప్పటికి ఇంట్లో డ్రిల్లులు మూడు.

వంటగదిలో అరలు, పిల్లలకి బంక్ బెడ్, పెరట్లో తులసి కోటకి చెక్క పీఠం, ఇలా సాగింది. పని బాగా చేస్తారు. నేను ఫొటోలు చూశాను, మూలమట్టం పెట్టి చూసినా తప్పు దొరకదు. ఆవిడకి కూడా ఆ పని మీద చిన్నచూపు లేదు, మొదటి సెషన్లోనే చెప్పారు.

ఆ తర్వాత మూడు సంఘటనలు జరిగాయి. దీపావళి వారంలో ఆవిడ తల్లి గ్యారేజీలో జంతికలు వత్తుతుంటే, ముందురోజు రాత్రి ఆయన చెక్క నునుపుచేసే శాండర్ ఆడించిన పొడి పిండి మీద పేరుకుని ఉంది. "ఇది బియ్యప్పిండా, రంపపు పొట్టా?" అని పెద్దావిడ నవ్వుతూనే అడిగారు, కూతురు మాత్రం నవ్వలేదు. రెండోది ఏప్రిల్‌లో. టెక్సస్ వడగళ్ళ సంగతి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. గ్యారేజీలో చోటు లేక డ్రైవ్‌వేలో పెట్టిన ఆవిడ కారు పైకప్పు సొట్టలు పడింది. ఇన్సూరెన్సు వాళ్ళిచ్చేది పోను చేతి నుంచి పడింది 1,000 డాలర్లు. మూడోది ట్రంకులోని రంపం.

ఆవిడ మామూలుగా భర్తని నువ్వు అంటారు. కోపం వస్తే మీరు అంటారు. మొదటి సెషన్లన్నీ మీరుతోనే గడిచాయి.

మొదటి మందు పనిచేయలేదు

ఆయన ఖర్చుమనిషి, ఆవిడ గీసి గీసి వాడే మనిషి అని మొదట్లో అనుకున్నాను. అలా అనుకోవడానికి ఒక కారణముంది. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ రిక్ తదితరులు 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం డబ్బు తియ్యాలంటే ప్రాణం పోయేవాళ్ళు, డబ్బు నిలవనివాళ్ళు ఒకరినొకరు వెతుక్కుని మరీ పెళ్ళాడతారు, తర్వాత అదే విషయం మీద కొట్టుకుంటారు. పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళకి అది ఎంతవరకు వర్తిస్తుందో అని ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

అలాంటి జంటలకి అందరూ ఇచ్చే మందే నేనూ ఇచ్చాను. నెలకి ఇద్దరికీ చెరో 200 డాలర్లు, దేనికి ఖర్చుపెట్టారని రెండోవాళ్ళు అడగకూడదు. మూడు నెలలకి ఇది ఎందుకు పనికిరాదో తెలిసింది. పనిముట్లు నెలనెలా రావు, ఒక్కసారే పెద్ద మొత్తంలో వస్తాయి. 200 దాచిపెడితే చాలుతుంది కదా అంటే, దాచిన సొమ్ము ఎప్పుడు చర్చకి వస్తుందోనని ఆయనకి భయం. అందుకని నెలాఖరుకి ఏదో ఒకటి కొనేసేవారు. ఎన్ని క్లాంపులున్నా (చెక్కల్ని కదలకుండా బిగించిపట్టేవి) ఇంకో రెండు తక్కువే అని చెక్క పనివాళ్ళలో ఒక జోకు ఉంది. మూడు నెలల్లో ఈయన 11 క్లాంపులు కొన్నారు.

ఆవిడ వైపు 600 డాలర్లు అలాగే ఉన్నాయి. ఎందుకు ఖర్చుపెట్టలేదంటే, "ఖర్చుపెట్టుకోవడానికి ముందు నాకో పూట కావాలి మేడమ్. అది ఏ అకౌంటులోంచి తియ్యను?" అన్నారు. ఆ రోజు సెషన్ అయ్యాక పాత నోట్సు మొత్తం మళ్ళీ చదివాను. ఆవిడ మొదటినుంచీ శనివారాల గురించే చెబుతున్నారు. నేను డాలర్లే విన్నాను.

స్టేట్‌మెంట్లు

ఆ తర్వాత ఇద్దరినీ మూడేళ్ళ కార్డు స్టేట్‌మెంట్లు తెమ్మన్నాను. వాళ్ళ జీతాలు ఒకే ఉమ్మడి ఖాతాలో పడతాయి. అది మంచి విషయమే. కొత్తగా పెళ్ళయిన జంటల్లో కొందరిని ఉమ్మడి ఖాతా తెరవమని చెప్పి రెండేళ్ళు గమనించిన ప్రయోగం ఒకటి 2023లో వచ్చింది. ఉమ్మడి ఖాతా వాళ్ళ మధ్య సఖ్యత నిలిచింది, మిగతావాళ్ళది తగ్గింది. అయితే వీళ్ళింట్లో ఆయన పేరిట ఒక క్రెడిట్ కార్డు విడిగా ఉంది. బిల్లు కట్టేది ఉమ్మడి ఖాతానుంచే. టెక్సస్‌తో కలిపి 9 రాష్ట్రాల్లో పెళ్ళయ్యాక ఎవరు సంపాదించినా అది చట్టం దృష్టిలో ఇద్దరిదీ. కాబట్టి "నా జీతంతో కొన్నాను" అనే మాటకి ఇక్కడ చట్టపరంగా కూడా బలం లేదు. ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదని కూడా రాయాలి.

కూడికకి ముందు చెరో కాగితం మీద అంచనా రాయమన్నాను. ఆయన 5,000 అని రాశారు. ఆవిడ 15,000 అని రాశారు. అసలు లెక్క 9,340 డాలర్లు. అందులో చెక్క, మేకులు, కీళ్ళు, గొళ్ళేలు కలిపి 2,600. బ్లేడ్లు, ఉప్పుకాగితం, జిగురు, వార్నిషు 1,500. బ్యాటరీ రంగు మార్చడంవల్ల రెండోసారి కొన్నవి 780. అసలు పనిముట్లు 4,460. అంటే ఇంట్లో పేచీ పడ్డ మిషన్లు మొత్తంలో సగానికి తక్కువే. మిగతాదంతా ఎవరికీ కనబడకుండా, హోమ్ డిపోకి వెళ్ళిన ప్రతిసారీ 30, 40 డాలర్ల చొప్పున పోయింది. ఆయన దాచినవి మూడు పనిముట్లు మాత్రమే. మన అమ్మమ్మలు పోపుల డబ్బాలో డబ్బు దాచేవారు, ఈయన ట్రంకులో వస్తువు దాచారు. అమ్మమ్మలకి చేతిలో వేరే డబ్బు లేదు కాబట్టి దాచారు. ఈయన ఎందుకు దాచారు?

"చెప్పే కొన్నాను, చాలావరకు" అన్నారు ఆయన.

"చెప్పారు. అడగలేదు" అన్నారు ఆవిడ.

"అడిగితే నేనేమైనా నీ హెడ్మాస్టర్నా అంటావు."

ఆవిడ కాదనలేదు. స్నేహితుల ఇళ్ళలో భోజనాల దగ్గర "హోం మినిస్టర్ శాంక్షన్ చేశారా?" అని మగవాళ్ళు జోకులేస్తారు. ఆ జోకులో తనని కూర్చోబెట్టిన కుర్చీ ఆవిడకి ఇష్టంలేదు. అడక్కుండా కొంటే మనిషిగా లెక్కలేదని బాధ, అడిగితే అనుమతులిచ్చే అధికారి అయ్యానని బాధ. ఈ చిక్కు చాలా జంటల్లో ఉంటుంది కానీ ఇంత విడమర్చి చెప్పినవాళ్ళని నేను పెద్దగా చూడలేదు.

డైనింగ్ టేబులు లెక్క

ఈ కేసు మలుపు తిరిగింది ఒక డైనింగ్ టేబులు దగ్గర. షాపులో అలాంటిది 1,800 డాలర్లు. ఆయనకి చెక్క 640 అయింది. "1,160 ఆదా" అని ఇంట్లో చెప్పారు, తండ్రికి ఫోన్లో చెప్పారు, నాకూ చెప్పారు. ఆవిడ ఆ బల్ల కోసం కొన్న ప్లేనరు (చెక్కని చదునుచేసే మిషను), క్లాంపులు, బ్లేడు కలిపి 1,150 అని బిల్లులు చూపించారు. "అంటే 10 డాలర్లు మిగిలాయి, నాలుగు నెలల శనివారాలు పోయాయి. గ్యారేజీ నిండా చెక్క ఉందని బయట పెట్టిన కారుకి 1,000 కట్టాం. మొత్తం 990 నష్టం" అన్నారు. "ప్లేనరు ఇంకా ఉంది కదా, దాన్ని పది బల్లలకి పంచు" అన్నారు ఆయన. "ఇంట్లో పది బల్లలు వేసుకుని ఏం చేస్తాం?" అన్నారు ఆవిడ.

దాదాపు అరగంట వాళ్ళని ఆపకుండా విన్నాను. ఇద్దరి అంకెలూ కరెక్టే, ఎవరూ అబద్ధమాడలేదు. చిక్కు ఎక్కడుందంటే, ఆయన ఆదా అన్న క్షణంలోనే ఆవిడ చేతికి లెక్కల పుస్తకం ఇచ్చేశారు. ఆదా అన్నాక ఎవరైనా లెక్క తీస్తారు, లెక్క తీస్తే ఆదా నిలబడదు, నిలబడకపోతే ఆయనకి అవమానం, తర్వాతిది ట్రంకులోకి వెళ్తుంది. ఒక నెలపాటు ఇంట్లో ఆ మాట వాడొద్దని ఆయనకి చెప్పాను. దానికి బదులుగా లాభం, పెట్టుబడి, గిట్టుబాటు వంటివి కూడా వద్దన్నాను. తెలివైనవాళ్ళు కాబట్టి పర్యాయపదాలు వెతుకుతారు.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ మాట లేకపోతే ఇది కొనడానికి ఏ కారణం చెప్పను?" అన్నారు.

ఆయన తండ్రి ఒంగోలు దగ్గర బ్యాంకులో గుమాస్తా చేసి రిటైరయ్యారు. ఆ ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువుకీ ఒక పని ఉండేది. సైకిలు ఆఫీసుకి, కుట్టుమిషను అమ్మ నాలుగు రాళ్ళు సంపాదించడానికి. ఇష్టమై కొన్నది అంటూ ఆయనకి గుర్తున్నంతలో ఒక్కటీ లేదు. వేసవి సెలవుల్లో తాతగారి ఊళ్ళో వడ్రంగి కొట్టం దగ్గర కూర్చుని, చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టుకుంటూ రాలే చెక్క పొరలు ఏరుకునేవారట. ఆ పని నేర్చుకుంటానంటే ఇంట్లో నవ్వారు. చేతిపనికి కులం అంటగట్టి, చదువుకున్నవాడు దాన్ని ముట్టుకోకూడదనే ఊరు అది. ఇప్పుడు కూడా తండ్రి ఫోన్లో, "ఇంజినీరింగు చదివించింది రంపం పట్టుకోడానికా?" అంటారు. దానికి ఈయన జవాబు, "డబ్బు ఆదా అవుతుంది నాన్నా." మొదట తండ్రికి చెప్పుకున్న సమాధానమే, తర్వాత భార్యకీ చెప్పడం అలవాటైంది.

ఇదంతా విన్నాక ఆవిడ, "నాకిది ఇష్టం, అందుకే కొన్నాను అని ఒక్కసారి అని ఉంటే నేను లెక్కలు తీసేదాన్ని కాదు" అన్నారు. "తీసేదానివే" అన్నారు ఆయన. ఆవిడ కాసేపు ఆలోచించి, "తీసేదాన్నే. కానీ వేరే లెక్క" అన్నారు. ఆ రోజు నువ్వు అనే పిలుపు తిరిగొచ్చింది.

బేరం: ముందు గంటలు, తర్వాత నేల, ఆఖరున డాలర్లు

వేరే లెక్క ఏమిటో తెలియాలని నాలుగు వారాలపాటు ఇద్దరినీ గంటలు రాయమన్నాను. ఆయన గ్యారేజీలో గడిపినవి 31 గంటలు. ఆవిడ తన కోసం గడిపినవి 5 గంటలు, అందులో మూడు నడక. పిల్లల్ని శనివారం తెలుగు నేర్పే మనబడికి, ఆదివారం ఈతకి తిప్పడం ఆవిడ పనే. ఆ కాగితాల మీద మేము పెద్దగా మాట్లాడుకోలేదు. పక్కపక్కన పెడితే చాలింది. రెండో, నాలుగో శనివారాలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పిల్లలూ వంటా ఆయనవి అని అక్కడికక్కడే ఆయనే అన్నారు. మిగతా శనివారాల్లో ఆయన్ని గ్యారేజీలోంచి ఎవరూ పిలవకూడదు. డాలర్లతో మొదలుపెట్టి ఉంటే ఇది ఎప్పటికీ వచ్చేది కాదని నా అభిప్రాయం. డబ్బు బేరంలో ప్రతి గంటా ఒక ఎదురువాదంగా మారిపోతుంది. గంటలు ముందు తేలిపోతే డబ్బు దగ్గర ఆవిడ స్వరమే మారింది.

తర్వాత నేల. గ్యారేజీ మధ్యలో పసుపు టేపు వేశారు. ఎడమ సగం ఆవిడ కారుది. పగలు ఆయన గీత దాటి పని చేసుకోవచ్చు, రాత్రి 9కి కారు లోపల ఉండాలి. మార్చి నుంచి జూన్ వరకు, అంటే వడగళ్ళ కాలంలో, మబ్బు పట్టిన రోజు ఎప్పుడైనా సరే లోపలికి రావాలి. ఇది మాటల్లో తేలికే. చెయ్యాలంటే బరువైన మిషన్ల కింద చక్రాలుండాలి, వర్క్‌బెంచి గోడకి మడిచేది కావాలి, ప్లైవుడ్ నిలువుగా ఆనించే అర కావాలి. కొత్తగా ఏ మిషనూ కొనకముందు చక్రాలు కొనాలని తేల్చుకున్నారు. గ్యారేజీ తగువుల్లో చక్రాలంత పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదని నేనిప్పుడు ప్రతి జంటకీ చెబుతున్నాను. స్టవ్వు పెరటి వైపు వసారాలోకి మారింది. చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. అది నలభై ఏళ్ళ వయసులో శని, ఆదివారాల్లో రంపం పట్టేవాళ్ళని భయపెట్టడానికి చెప్పడం లేదు, మూకుడు మాత్రం దాని పక్కన ఉండకూడదు.

డబ్బు దగ్గర నెలవారీ పద్ధతి వదిలేశాం. ఏడాదికి 2,400 డాలర్లు, జనవరిలో సగం, జులైలో సగం, ఒక ప్రత్యేక ఖాతాలో. చెక్క, బ్లేడ్లు, జిగురు అన్నీ అందులోంచే. మిగిలితే మరుసటి ఏడాదికి వెళ్తుంది, కాబట్టి నెలాఖరు క్లాంపులు అక్కర్లేదు. ఆవిడకీ అంతే మొత్తం. ఆయన పేరిట ఉన్న విడి కార్డుని రద్దు చెయ్యమని నేను చెప్పలేదు. ఆయనే చేసుకున్నారు.

300 డాలర్లు దాటిన దేనికైనా ఫ్రిజ్జు మీద ఒక కాగితం. వస్తువు పేరు, ధర, గ్యారేజీలో ఎక్కడ ఉంటుంది, ఎందుకు కావాలి. ఎందుకు అన్నచోట "కావాలనిపించింది" అని రాసినా చెల్లుతుంది, "ఆదా" అని రాస్తే కాగితం చెల్లదు. 30 రోజులు అది అక్కడుంటుంది. ఆవిడ దానిమీద సరే అని గానీ వద్దని గానీ రాయరు. ప్రశ్న ఉంటే రాస్తారు. 30 రోజుల తర్వాత నిధిలో డబ్బుంటే ఆయన కొనుక్కోవచ్చు. చెప్పడానికీ అడగడానికీ మధ్య వాళ్ళు ఇరుక్కున్న చిక్కు ఇలా తెగింది. ముందు చెప్పడం ఉంది, అనుమతి లేదు. ఆవిడకి నెల రోజుల వ్యవధి ఉంది, అధికారి కుర్చీ లేదు.

ఫ్రిజ్జు మీదికి ఎక్కిన మొదటి ఆరు కాగితాల్లో మూడింటిని 30 రోజులు కాకముందే ఆయనే చించేశారు. ఒకదాని సంగతి నాకు గుర్తుంది. సొరుగుల మూలల్లో ఒకదానిలో ఒకటి ఇమిడే డొవెటెయిల్ కీళ్ళు కోయడానికి వాడే జిగ్ అనే చట్రం. "ఏడాదికి ఎన్ని సొరుగులు చేస్తావు?" అని ఆవిడ దానికింద రాశారు. ఆయన ఆలోచించుకుని, అవసరమైనప్పుడు క్యారల్టన్‌లోని మేకర్‌స్పేస్‌కి వెళ్ళి అక్కడి మిషన్ల మీద చేసుకుంటానన్నారు. నెల చందా కట్టి పంచుకుని వాడుకునే వర్క్‌షాపు అది. ఊరికి దగ్గరలో అలాంటిది ఉన్నవాళ్ళు పెద్ద మిషను కొనేముందు ఒక నెల అక్కడ పనిచేసి చూడటం మంచిది.

టేబుల్ సా

రక్షణ సామాను నిధిలోంచి కాకుండా ఇంటి ఖర్చులోంచి కొనాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. వెంటనే ఆయన ట్రాక్ సా కూడా రక్షణ సామానే అన్నారు. పెద్ద ప్లైవుడ్ షీటుని టేబుల్ సా (బల్లలో అమర్చిన రంపం) మీద తోయడం కంటే ట్రాక్ మీద కోయడం క్షేమమని వాదన. అందులో నిజం ఉంది. అయినా ఈ దారి తెరిస్తే గ్యారేజీలో సగం రక్షణ సామాను అయిపోతుందని ఆవిడ పసిగట్టారు. ఏది రక్షణో తేల్చేది ఆవిడ అని నియమం పెట్టుకున్నారు.

అప్పటికి ఆయన పాత టేబుల్ సా మోటారు పాడైంది. కొత్తది 650 డాలర్లలో చూసుకుని ఫ్రిజ్జు మీద కాగితం పెట్టారు. ఆవిడ దాన్ని చూసి చదవడం మొదలుపెట్టారు. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ అంచనాల్లో టేబుల్ సా గాయాలతో ఏటా ఎమర్జెన్సీ గదులకి వెళ్ళేవాళ్ళు సుమారు 30,000 మంది. వేలు తగలగానే ఆగిపోయే రంపం ఒకటుందని ఆవిడకి అప్పుడు తెలిసింది. ఒరెగాన్‌కి చెందిన స్టీవ్ గాస్ అనే భౌతికశాస్త్రవేత్త, పేటెంట్ లాయరు కూడా, 1999లో ఆ ఆలోచన చేశారు. బ్లేడులో చిన్న విద్యుత్ సంకేతం ప్రవహిస్తుంటుంది. చర్మం తగిలితే అది మారుతుంది, అల్యూమినియం దిమ్మ ఒకటి ఎగిరొచ్చి పళ్ళలో దిగబడుతుంది, సెకనుని వెయ్యి భాగాలు చేస్తే అందులో 5 భాగాల్లోపే బ్లేడు నిలిచిపోతుంది. ఆ దిమ్మా బ్లేడూ రెండూ పనికిరాకుండా పోతాయి. చెయ్యి మిగులుతుంది. వేలికి బదులు హాట్‌డాగ్ పెట్టి చూపించే వీడియోలున్నాయి. అవి ఆవిడ ఎన్నిసార్లు చూశారో చెప్పలేదు.

ఆ తర్వాతి సెషన్లో వాళ్ళు తారుమారై కూర్చున్నారు. ఆయన అడిగినదానికంటే 300 పైచిలుకు ఎక్కువైన రంపమే కొనాలని ఆవిడ, అంత అవసరంలేదని ఆయన. "తడి చెక్క తగిలినా అది పేలుతుంది, ఒక్కో దిమ్మా 100 డాలర్ల దాకా ఉంటుంది" అని ఆయన. "నీ వేళ్ళతోనే కదా నువ్వు జీతం తెచ్చేది" అని ఆవిడ. "ఇప్పుడెవరు లెక్క తీస్తున్నారు?" అన్నారు ఆయన. మూడేళ్ళ గొడవలో భార్య ఎక్కువ ఖర్చు, భర్త తక్కువ ఖర్చు కోరిన మొదటి పూట అది. పాత ధర 650 నిధిలోంచి, పై తేడా ఇంటి డబ్బులోంచి అని ముగిసింది. నూనె పట్టిన గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయని ఎక్కడో చదివి, మూత ఉన్న ఇనుప డబ్బా ఒకటి ఆవిడే కొని గ్యారేజీలో పెట్టారు. అది కూడా ఇంటి డబ్బే.

పదకొండు నెలల తర్వాత

మొదటి సగం ఏడాదిలోనే నిధి ఖాళీ అయింది, అందులో ఎక్కువ చక్రాలకీ వాల్‌నట్ చెక్కకీ పోయింది. జులై దాకా కొత్తది ఏదీ కొనలేదు. పాత రంగు డ్రిల్లులు, బ్యాటరీలు ఆన్‌లైన్లో అమ్మేస్తే 340 డాలర్లు వచ్చాయి. అవి నిధిలో పడ్డాయి. ఒకసారి ఆయన 280 డాలర్ల వస్తువుకి ఉపకరణాలు విడిగా కొని 300 గీత దాటకుండా చూసుకున్నారు. ఆవిడ పట్టుకున్నారు. ఒకసారి కారు రాత్రంతా బయటే ఉంది. ఆ రెండూ నాతో చెప్పింది ఆయనే.

ఆవిడ సొమ్ము ఏడు నెలలు కదల్లేదు. తర్వాత కాలేజీ స్నేహితురాళ్ళు నలుగురితో యూటాలోని జయాన్ పార్కుకి ఐదు రోజులు వెళ్ళొచ్చారు. ఆ ఐదు రోజులు ఇంట్లో పప్పుచారు, పిజ్జా నడిచాయని పిల్లల కథనం.

సాటి థెరపిస్టులకి ఒక్క మాట. ఇలాంటి జంట వస్తే సమాన జేబుఖర్చు సలహా వెంటనే ఇవ్వకండి. ఇద్దరి దగ్గరా సమానమైన తీరిక ఉందో లేదో ముందు చూడండి. నేను ఆ మూడు నెలలు పోగొట్టాను, వాళ్ళు సెషన్లకి డబ్బులు కట్టారు.

పోయిన వారం ఫ్రిజ్జు మీదికి కొత్త కాగితం ఎక్కింది. చెక్క లేత్, అంటే చెక్కని గుండ్రంగా తిప్పుతూ చెక్కే మిషను. ధర 900 డాలర్లు, నిధిలో సరిపడా ఉంది. ఎందుకు అన్నచోట "గిన్నెలు చెయ్యాలని చిన్నప్పటినుంచీ ఉంది" అని రాశారు. ఎక్కడ అన్నచోట ఖాళీ వదిలేశారు, ఎందుకంటే కుడివైపు నాలుగడుగులు మిగల్లేదు. దానికింద ఆవిడ రాసిన ప్రశ్న: "గీత జరపాలా, ప్లేనరు అమ్మాలా?" ఇంకా 23 రోజులున్నాయి.